ఆఫ్రికాలో వారసత్వ పరిరక్షణ చదువులు: సిలబస్ రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టను?

అబయ్_మాస్టారు · ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చాలా రోజుల తర్వాత కొత్త టాపిక్ పెడుతున్నాను, కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

ఇథియోపియాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చెబుతున్నాను. ఎనిమిదేళ్ళయింది. ఒకప్పుడు మా డిపార్ట్‌మెంటులో తెలుగువాళ్ళమే ఏడుగురం ఉండేవాళ్ళం, శనివారం వస్తే పులిహోర వాసన స్టాఫ్ క్వార్టర్స్ గేటు దాకా కొట్టేది. ఇప్పుడు ఇద్దరం మిగిలాం. పోయిన వారం డీన్ పిలిచి, "పాత కట్టడాల పరిరక్షణ మీద నాలుగో ఏడాది వాళ్ళకి ఒక ఎలక్టివ్ పెడుతున్నాం, సిలబస్ నువ్వే రాయాలి" అన్నాడు. నేనే ఎందుకండీ అంటే, "మీ దేశంలో గుళ్ళు చాలా ఉన్నాయి కదా" అన్నాడు.

ఉన్నమాట చెప్పుకుంటాను. నాకు ఆర్‌సీసీ తెలుసు, సున్నం తెలీదు. మా పిల్లలు బీమ్ డిజైన్ కళ్ళు మూసుకుని చేస్తారు. వాళ్ళలో సగం మంది పుట్టి పెరిగింది మట్టి గోడల ఇళ్ళలో. ఆ గోడ ఎందుకు నిలబడుతుందో, ఎందుకు పడిపోతుందో మొత్తం కోర్సులో ఒక్క క్లాసులో కూడా చెప్పం.

రెండేళ్ళ కిందట లాలిబెలా వెళ్ళాను. కొండని పైనుంచి కిందికి తొలిచి చేసిన 11 చర్చిలు. 1978లో యునెస్కో వేసిన మొట్టమొదటి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న 12 చోట్లలో అదొకటి. వాన నీరు రాతిలోకి దిగకుండా 2008 ప్రాంతంలో యూరోపియన్ యూనియన్ డబ్బుతో కొన్ని చర్చిల మీద పెద్ద పెద్ద గొడుగుల్లాంటి కప్పులు లేపారు. తాత్కాలికం అన్నారు. అవి అక్కడే ఉన్నాయి. గాలి గట్టిగా వీస్తే అవే చర్చి మీద పడతాయేమోనని ఊళ్ళో వాళ్ళ భయం. నేను ఇంజనీరునని తెలిసి ఒక ముసలి అర్చకుడు నా చెయ్యి పట్టుకుని ఆ ఉక్కు కాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాడు. "ఇవి ఎప్పుడు తీస్తారు నాయనా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నా డిపార్ట్‌మెంటు దగ్గరా లేదు.

ఒక సెమిస్టర్‌లో ఏం చెప్పాలి? ఆఫ్రికాలో ఇంకెక్కడ ఈ చదువు సరిగ్గా నడుస్తోంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

సందేహాల_సుబ్బు · ఆదివారం, రాత్రి 10:05

మాస్టారూ, మన ఊరి కోనేరే పూడిపోతుంటే పట్టించుకునేవాడు లేడు. ఆఫ్రికా చర్చిల సంగతి మనకెందుకండీ?

రాళ్ళదిబ్బ · ఆదివారం, రాత్రి 11:20

సుబ్బు గారూ, ఆయన అక్కడ జీతం తీసుకుంటున్నాడు, అక్కడి పిల్లలకి చెప్పాలి. కోనేరుకి వేరే టాపిక్ పెట్టండి, నేనూ వస్తాను.

మాస్టారూ, ఆఫ్రికాలో ఈ శిక్షణ లేదనుకోవద్దు. చాలా ఏళ్ళుగా ఉంది. కాకపోతే విశ్వవిద్యాలయం గోడల లోపల తక్కువ, బయట ఎక్కువ. నైజీరియాలో జోస్ మ్యూజియం దగ్గర 1963లోనే యునెస్కో సాయంతో మ్యూజియం సిబ్బందికి శిక్షణ కేంద్రం పెట్టారు. తర్వాత వారసత్వ పరిరక్షణ కోసమే రోమ్‌లో ఉన్న అంతర్జాతీయ సంస్థ ఇక్రోమ్ 1986 నుంచి 2000 దాకా 'ప్రేమా' అనే కార్యక్రమం నడిపింది. మన ప్రేమ కాదు లెండి, 'ఆఫ్రికా మ్యూజియాల్లో నివారణ' అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాటలకి పొట్టి రూపం. చెదలు, పురుగు, తేమ, దుమ్ము వీటి నుంచి వస్తువుల్ని ముందే ఎలా కాపాడాలి అన్నది దాని పని. చెడిపోయాక బాగుచేసే ఖర్చు ఎవరూ భరించలేరు, చెడకుండా చూడటం చవక. మంచి ఆలోచన.

మ్యూజియాల తర్వాత కట్టడాల కోసం 1998లో 'ఆఫ్రికా 2009' మొదలైంది. మూడు నెలల కోర్సు, ఒక ఏడాది బెనిన్‌లోని పోర్టో-నోవోలో ఫ్రెంచిలో, మరుసటి ఏడాది కెన్యాలోని మొంబాసాలో ఇంగ్లీషులో. ఈ రెండు ఊళ్ళలోనూ ఆఫ్రికన్ల చేతుల్లోనే నడిచే శిక్షణ సంస్థలు నిలబడ్డాయి. ప్రేమా కార్యక్రమం గొప్ప ఫలితం అదే.

కానీ ఆ పేరు ఇంకోసారి చూడండి. గడువు పేరులోనే ఉంది. 2009 వచ్చింది, అయిపోయింది. నాకున్న బాధంతా ఇదే. ప్రాజెక్టు డబ్బుతో వచ్చిన కోర్సు ప్రాజెక్టుతోనే పోతుంది. మూడు నెలల కోర్సుకి వచ్చినవాళ్ళు అప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళు, చేతిలో ఓ పని, మనసులో ఓ సమస్య పెట్టుకుని వచ్చారు కాబట్టి వాళ్ళకి సరిపోయింది. ఇరవై ఏళ్ళ కుర్రాడికి అలా కుదరదు. వాడికి ఏటేటా నడిచే కోర్సు కావాలి, పర్మనెంటు పోస్టులో కూర్చున్న టీచరు కావాలి. ముందు మీ డీన్ గారిని ఒక్కటి అడగండి: మీరు వచ్చేస్తే ఈ ఎలక్టివ్ ఎవరు చెబుతారు?

తాపీ_వీరయ్య · సోమవారం, ఉదయం 6:50

సార్లందరికి దండాలు. మా తాత మేస్త్రి, మా నాయిన మేస్త్రి, నేను సైట్ల సూపర్‌వైజర్. నాకు డిగ్రీల ముచ్చట తెల్వది గని ఒకటి అడుగుత.

మాలి దేశంల జెన్నే అని ఊరుంది. ఆడ మట్టితోటి కట్టిన పెద్ద మసీదు. ఇప్పుడున్నది 1907ల లేపింది. ఏడాదికోపాలి ఊరంత ఒక్కటై దానికి మట్టి పూస్తరు. నేను వీడియోల చూసిన, నాలుగైదుపాల్లు చూసిన. ఏటి ఒండ్రుమట్టిల వడ్ల ఊక కలిపి రోజుల తరబడి నానబెడ్తరు. పిలగాండ్లు అండ్ల దిగి తొక్కుతరు. గోడలకెల్లి తాటి మొద్దులు బయటికి పొడుచుకొని ఉంటయి, సూస్తే సోకు కోసం పెట్టిండ్రనుకుంటం. కాదు, అవే నిచ్చెన మెట్లు, మేస్త్రి వాటి మీద కాలు పెట్టి పైకెక్కి అరచేత్తోని పూస్తడు. మా తాత గూడ ఊక కలిపి నానబెడ్తుండె. గా మట్టి వాసన నాకిప్పటికి యాదికుంది, మురుగు వాసన, గని గోడ మీద ఆరినంక ఏముండది.

గదే దేశంల టింబక్టుల 2012ల పాత గోరీలు కూలగొట్టిండ్రు గదా, 14 అన్నరు. వాటిని 2015 కల్లా మల్ల కట్టింది ఎవరు? ఆ ఊరి మేస్త్రులే. పాత గోడ మొదలు ఎంత మందమున్నది, ముసలోళ్ళకి ఏం యాదికున్నది, అది వట్టుకొని కట్టిండ్రు. గా మేస్త్రికి ఏ యూనివర్సిటీ సర్టిఫికెట్ ఇచ్చింది చెప్పుండ్రి?

మోషీ_వాసి · సోమవారం, మధ్యాహ్నం 1:15

వీరయ్య గారు భలే అడిగారు. నాది టాంజానియా, మోషీలో హార్డ్‌వేర్ కొట్టు లెక్కలు చూస్తాను. చదువుల సంగతి పెద్దగా తెలీదు గానీ మ్వేకా కాలేజీ మా ఊరి పైనే, కిలిమంజారో వాలులో ఉంది. 1961లో ఈ దేశపు తొలి నాయకుడు నైరేరే అరూషాలో ఒక ప్రకటన చేశాడు: మా అడవి జంతువుల్ని మేం కాపాడుకుంటాం, కానీ దానికి మనుషుల్ని తయారుచేయాలి, మిగతా దేశాలు చెయ్యి కలపాలి అని. రెండేళ్ళు తిరక్కుండా 1963లో ఆ కాలేజీ వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రేంజర్లని, వార్డెన్లని తమ గడ్డమీదే తయారుచేసుకోవాలని పెట్టుకున్నారు. ఆఫ్రికా నలుమూలల నుంచీ వచ్చి చదువుతారు. ఫీల్డుకి వెళ్ళే ముందు టార్పాలిన్లు, నైలాన్ తాళ్ళు మా దగ్గరే కొంటారు, బేరం మాత్రం చచ్చేట్టు ఆడతారు.

అలా వచ్చిన ఒక కుర్రాడు చెప్పిన కథ ఇది. తర్వాత నేను చదివి సరిచూసుకున్నాను కూడా. గోరోంగోరో ప్రాంతంలో లేటోలి అని ఉంది. 36 లక్షల ఏళ్ళ కిందట తడి బూడిద మీద రెండు కాళ్ళతో నడిచి వెళ్ళినవాళ్ళ అడుగులు అక్కడ గట్టిపడి ఉండిపోయాయి. 1978లో పురావస్తు శాస్త్రవేత్త మేరీ లీకీ బృందానికి దొరికాయి. చూసి, కొలిచి, అచ్చులు తీసి, పాడవకుండా ఇసుకతో పూడ్చి, పైన రాళ్ళు పేర్చి వెళ్ళారు. బానే ఉంది కదా? ఆ ఇసుకలో తుమ్మ విత్తనాలున్నాయి. పైన రాళ్ళ నీడ, కింద కాస్త తేమ. మొక్కలు లేచాయి, మాన్లయ్యాయి. వేర్లు అడుగుల్లోకి దిగాయి. చివరికి 1995, 96లో అమెరికా నుంచి గెట్టీ సంస్థ వాళ్ళు, టాంజానియా పురావస్తు శాఖ వాళ్ళు కలిసి మళ్ళీ తవ్వి, ఒక్కో వేరునీ కోసి తీసి, వేర్లు దిగకుండా అడ్డుపొర వేసి మళ్ళీ పూడ్చారు. అక్కడ పశువులు మేపుకునే మాసాయి తెగ పెద్దలు వచ్చి గొర్రెని బలి ఇచ్చి పూజ కూడా చేశారట.

నాకు తోచింది చెబుతాను, తప్పైతే సరిదిద్దండి. అడుగుల గురించి తెలిసినవాడికి తుమ్మ గింజ సంగతి తట్టలేదు. తుమ్మ గింజ తెలిసినవాడు ఆ రోజు ఆ చుట్టుపక్కల లేడు. ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టే చదువు ఉంటే?

పూర్వ_ఫారెస్టు · సోమవారం, సాయంత్రం 5:30

మోషీ గారూ, మీ ఆఖరి మాటకి నేను లేచి నిలబడ్డాను. నల్లమలలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మా శిక్షణలో చెట్టు గురించి, పులి గురించి, చట్టంలో సెక్షన్ల గురించి గంటలకొద్దీ చెప్పారు. ఆ అడవిలోనే ఉండే చెంచుల గురించి ఒక పూట. వాళ్ళు ఏ చెట్టుని ఎందుకు కొట్టరో, తేనె ఎప్పుడు తీస్తారో నాకు చెప్పింది అడవిలో నా వెంట నడిచిన చెంచు వాచరే, నా పుస్తకం కాదు.

గోరోంగోరోదీ అదే తంతు, ఇంకా పెద్ద ఎత్తున. 1959లో సెరెంగెటిలోంచి మాసాయిల్ని పంపించి ఇక్కడ ఉండమన్నారు. 1979లో ప్రపంచ వారసత్వంగా గుర్తించారు, కేవలం ప్రకృతి లెక్కలో. మనుషుల చరిత్ర లెక్కలోకి వచ్చింది 2010లో! అంటే అదే నేల, అదే లేటోలి, ఆదిమానవుల ఆనవాళ్ళు దొరికిన అదే ఓల్డువై లోయ, 31 ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మాసాయిల్ని అక్కడి నుంచి కూడా దూరంగా తరలిస్తున్నారు. నేను ఏ పక్షమూ తీసుకోను, మా శాఖ చేసిన పనులూ నాకు తెలుసు. కానీ వన్యప్రాణి కోర్సు ఒక ఊళ్ళో, పురావస్తు కోర్సు ఇంకో ఊళ్ళో నడుస్తున్నన్నాళ్ళు ఆ రెండు రకాల ఆఫీసర్లూ ఒకరి ఫైలు ఒకరు చూడరు.

కలిపి చెప్పే ప్రయత్నం ఒకటి నాకు తెలుసు. కిన్షాసా విశ్వవిద్యాలయం ఆవరణలో యునెస్కో సాయంతో 1999లో పెట్టిన ప్రాంతీయ అడవుల విద్యాలయం, దాన్ని ఎరైఫ్ట్ అంటారు. కాంగో అడవుల చుట్టుపక్కల దేశాల నుంచి వచ్చే పీజీ వాళ్ళకి జీవశాస్త్రం, ఆర్థికం, సమాజశాస్త్రం కలిపి చెబుతారు. కామెరూన్‌లో గరువా వన్యప్రాణి పాఠశాల కూడా పాతదే, 1970ది, ఫ్రెంచి మాట్లాడే దేశాలకి మ్వేకా లాంటిది.

రాళ్ళదిబ్బ · సోమవారం, రాత్రి 10:45

వీరయ్యన్నా, నీ ప్రశ్నకి తప్పించుకోకుండా జవాబిస్తాను. మేస్త్రి లేకుండా జెన్నే నిలబడదు. ఒప్పుకున్నాను. ఉగాండాలో కసుబి రాజసమాధులు 2010 మార్చిలో తగలబడ్డాయి. ఆ పూరి కప్పు కప్పే హక్కు న్గేయె అనే ఒక్క వంశానిది. ఆ పని తెలిసినవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి కుర్రాళ్ళకి మళ్ళీ నేర్పుకుంటూ కట్టాల్సి వచ్చింది. ప్రమాదంలో ఉన్న వారసత్వాల యునెస్కో జాబితాలోంచి అది బయటపడింది 2023లో. పదమూడేళ్ళు.

కానీ డిగ్రీ ఎందుకో కూడా విను. జింబాబ్వే దేశంలో గ్రేట్ జింబాబ్వే అనే పాత నగరం ఉంది, దాని రాతి గోడలు, సున్నం చుక్క లేకుండా పేర్చినవి, కొన్నిచోట్ల 11 మీటర్ల ఎత్తు. 1902లో రిచర్డ్ హాల్ అనే ఆయన్ని దాని సంరక్షకుడిగా వేశారు. ఇంత గొప్ప గోడలు నల్లవాళ్ళు కట్టి ఉండరని ఆయన నమ్మకం. ఎవరో బయటివాళ్ళు కట్టారని చూపించడానికి రెండేళ్ళపాటు లోపలి మట్టి పొరలు పారలతో ఎత్తి బయట పోయించాడు. ఆ పొరల్లోనే కట్టినవాళ్ళ కుండలు, ఇళ్ళ నేలలు ఉన్నాయి. 1905లో ఒకరు, 1929లో ఇంకొకరు వచ్చి ఇది ఆఫ్రికన్లదే అని తేల్చారు. అయినా రొడీషియా (జింబాబ్వేకి అప్పటి పేరు) తెల్లవాళ్ళ ప్రభుత్వానికి ఆ మాట గిట్టలేదు, అదే చెప్పిన పురావస్తు శాస్త్రవేత్త పీటర్ గార్లేక్ 1970లో దేశం వదలాల్సి వచ్చింది. పోయిన పొర మాత్రం తిరిగి రాదు.

గోడ ఎలా కట్టాలో మేస్త్రికి తెలుసు. ఆ గోడ ఎవరిదో అబద్ధం చెప్పేవాడు వచ్చినప్పుడు, కాగితం మీద ఎదురు నిలబడేవాడు కూడా ఆ ఊళ్ళోంచే రావాలి. జింబాబ్వే నుంచే వచ్చిన వెబర్ ఎన్‌డోరో ఆ గోడల మీదే పనిచేశాడు, ఆ దేశపు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు, 2018లో రోమ్‌లోని ఇక్రోమ్‌కే డైరెక్టర్ జనరల్ అయ్యాడు. మీ పిల్లలకి మొదటి క్లాసులో ఈ ఒక్క కథ చెప్పండి మాస్టారూ, లవణాలు, తేమ సంగతి తర్వాత చెప్పొచ్చు.

కేప్‌టౌన్_కళ · మంగళవారం, ఉదయం 11:00

నేను గ్రంథాలయ ఉద్యోగిని, అప్పుడప్పుడూ ఇక్కడ చదివి వెళ్ళిపోతుంటాను. ఈసారి రాయకుండా ఉండలేకపోయాను.

2021 ఏప్రిల్ 18, ఆదివారం. టేబుల్ మౌంటెన్ వాలు మీద అంటుకున్న మంట కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం మీదికి వచ్చి జాగర్ గ్రంథాలయం చదువుల గది కాలిపోయింది. ఆఫ్రికా గురించిన అచ్చు పుస్తకాలు ఎన్నో పోయాయి. కింద నేలమాళిగలో ఉన్న రాతప్రతులు మిగిలాయి, మంట రాగానే ఇనుప తలుపులు వాటంతటవే దిగాయి కాబట్టి. కానీ మంటలార్పిన నీళ్ళన్నీ అక్కడికే చేరాయి. చిత్రం చూడండి, అగ్ని వదిలేసినదాన్ని నీళ్ళు పట్టుకున్నాయి.

సాయానికి రమ్మంటే వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. వరుసగా నిలబడి ప్లాస్టిక్ క్రేట్లు చేతులు మార్చుకున్నాం. తడిసిన పుస్తకం ఎంత బరువుంటుందో నాకు అప్పటిదాకా తెలీదు, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులూ కింద పెట్టాలి. మాకు చెప్పిన మొదటి మాట, "తెరవకండి". తెరిస్తే కాగితం చిరుగుతుంది, సిరా అంటుకుంటుంది. రెండో మాట, తొందర. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది. ఆరబెట్టే తీరిక లేనివాటిని గడ్డకట్టించాలి, మంచులో బూజు ఆగుతుంది. ఆ రోజు మా వరుసలో అన్నీ తెలిసి ఆజ్ఞలు ఇవ్వగలిగినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది. మిగతా అందరం చేతులు మాత్రమే.

ప్రిటోరియా విశ్వవిద్యాలయంలో 2019లో వస్తువుల పరిరక్షణకే మాస్టర్స్ మొదలైంది. అంతకుముందు కాగితం, చిత్రం, లోహం బాగుచేయడం నేర్చుకోవాలంటే ఎక్కువమంది విదేశాలకే వెళ్ళేవారు. వెస్టర్న్ కేప్ విశ్వవిద్యాలయం, రాబెన్ ఐలాండ్ మ్యూజియం కలిసి 1998 నుంచి మ్యూజియం, వారసత్వ అధ్యయనాలు నడిపాయి, కానీ అది ఆలోచన నేర్పే చదువు, చేతిపని కాదు. రెండూ కావాలి. మాస్టారూ, మీ కోర్సులో ఒక్క పూట పాత పుస్తకం ఒకటి నీళ్ళలో ముంచి పిల్లల చేతికివ్వండి. మిగతాది వాళ్ళే అడుగుతారు.

సందేహాల_సుబ్బు · మంగళవారం, మధ్యాహ్నం 3:10

సరే, నేను మొదట అన్నది తప్పే, వెనక్కి తీసుకున్నాను. కానీ నా పేరే సందేహాలు కదా. ఇంత చదివినవాడికి ఉద్యోగం ఎవడిస్తాడు? మ్యూజియంలో పోస్టు ఖాళీ అవ్వాలంటే లోపల ఉన్నాయన రిటైర్ అవ్వాలి.

రాళ్ళదిబ్బ · మంగళవారం, రాత్రి 8:30

ఇది అసలు ప్రశ్న. దక్షిణాఫ్రికాలో 1999 నాటి వారసత్వ వనరుల చట్టం ఒకటుంది. కొన్ని హద్దులు దాటిన రోడ్డు, గని, పెద్ద కట్టడం మొదలుపెట్టే ముందు అక్కడి వారసత్వం మీద దాని ప్రభావం ఏమిటో పరిశీలించి చూపించాలి. ఆ ఒక్క నిబంధన వల్ల పురావస్తు చదివినవాళ్ళకి పని పుట్టింది, మ్యూజియంలో కాదు, రోడ్ల కంపెనీల వెంట. ఆ పనిలో నాణ్యత ఎంత అంటారా, అది ఇంకో వారం తిట్టుకుందాం. కోర్సు పెట్టే ముందు చట్టం ఏమడుగుతోందో చూడాలి. అడగకపోతే కోర్సు పెట్టిన ప్రొఫెసరే వెళ్ళి అడిగించాలి.

మోడరేటర్ · మంగళవారం, రాత్రి 9:00

గోరోంగోరో తరలింపు మీద వచ్చిన ఆరు పోస్టులు వేరే టాపిక్‌లోకి మార్చాను. అక్కడ కొట్టుకోండి, ఇక్కడ సిలబస్ నడవనివ్వండి.

అబయ్_మాస్టారు · తరువాతి వారం గురువారం, రాత్రి 10:15

ఆలస్యానికి క్షమించండి. మీ అందరి మాటలూ ప్రింటు తీసి గోడకి అంటించుకున్నాను.

వీరయ్య గారి పోస్టు చదివాక మా ఊరి మేస్త్రి కోసం వెతికాను. ఇక్కడ మట్టి గోడని 'చికా' అంటారు. కర్రల అల్లిక మీద మట్టి, అందులో టెఫ్ గడ్డి. టెఫ్ అంటే ఇంజెరా అనే వీళ్ళ దోసెలాంటి రొట్టెకి వాడే సన్న ధాన్యం, మనకి రాగి ఎలాగో వీళ్ళకి అది. ఒక పెద్దాయన దొరికాడు. "రెండింటికి రా" అన్నాడు. మధ్యాహ్నం రెండింటికి వెళ్తే పని ముగించి ఇంటికి వెళ్ళిపోయాడు. ఇక్కడ గంటలు సూర్యోదయం నుంచి లెక్క, రెండు అంటే మన ఎనిమిది. ఎనిమిదేళ్ళ అనుభవం, మళ్ళీ అక్కడే బోల్తా. మర్నాడు సరైన రెండింటికి వెళ్ళాను.

ఆయన నాకు గోడ చూపించలేదు. ముందు గుంట చూపించాడు. మట్టి, గడ్డి కలిపి నానబెట్టిన గుంట. గుప్పెడు తీసి నా అరచేతిలో పెట్టి, పిడికిలి బిగించి వదలమన్నాడు. ముద్ద పగలకుండా వేళ్ళ గుర్తులు నిలిస్తే గోడకి పనికొస్తుందట. నా మొదటి ముద్ద పగిలింది. ఇంకో నాలుగు రోజులాగి రమ్మన్నాడు. ఇంతకాలం తడి కాంక్రీటు ఎంత జారుడుగా ఉందో చూసే స్లంప్ టెస్టు చెప్పినవాణ్ణి, మా ల్యాబులో ఉన్న ఏ పరికరమూ ఆ పిడికిలి పని చెయ్యదు.

ఆయన్ని సెమిస్టర్‌లో నాలుగు శనివారాలు క్లాసుకి పిలుద్దామని నోట్ పెట్టాను. అకౌంట్స్ సెక్షన్ తిప్పి పంపింది. డిగ్రీ లేనివాడికి బోధన భత్యం ఇవ్వడానికి పద్దు లేదట. గెస్ట్ లెక్చరర్ అంటే మాస్టర్స్ ఉండాలి, ల్యాబ్ అసిస్టెంట్ అంటే డిప్లొమా ఉండాలి. మూడు రోజులు తిరిగితే ఒక గుమాస్తా దారి చూపించాడు: 'ప్రయోగశాల వినియోగ సామగ్రి' కింద రాయండి, మట్టి పదిహేను బస్తాలు, గడ్డి మూడు మోపులు, కూలీతో సహా అని. అంటే మా కొత్త కోర్సులో అందరికంటే తెలిసిన మనిషి కాగితం మీద గడ్డి మోపుతో పాటు వస్తాడు. సంతకం పెట్టాను. సిగ్గుగానే పెట్టాను.

డీన్‌ని రాళ్ళదిబ్బ గారి ప్రశ్న అడిగాను, నేను వెళ్ళిపోతే ఎవరని. చాలాసేపు కిటికీ వైపు చూశాడు. తర్వాత ఒక జూనియర్ లెక్చరర్‌ని నాతో పాటు క్లాసులో కూర్చోబెడతానన్నాడు. పోస్టు మాట ఎత్తలేదు. మొదటి క్లాసు గ్రేట్ జింబాబ్వే. తుమ్మ గింజ కోసం వృక్షశాస్త్రం నుంచి ఒకావిడని ఒప్పించాను, ఫారెస్టు గారూ, మీ పుణ్యమే. లాలిబెలా ఆఖర్న పెట్టాను, పిల్లలే ఆ అర్చకుడికి ఉత్తరం రాయాలి, అంహారిక్‌లో, ఒక పేజీ.

తాపీ_వీరయ్య · గురువారం, రాత్రి 10:40

సారూ, గడ్డి మోపు లెక్కల రాసిండ్రా పెద్దాయనను! అయినా పిలిచినవు, గదే మంచిది. గని నాలుగు రోజులు సాలదనుకుంట. టెఫ్ గడ్డి ఎన్ని రోజులు నానాలన్నడు?

అబయ్_మాస్టారు · గురువారం, రాత్రి 10:52

అడిగాను. రోజులు చెప్పలేదు. వాసన వచ్చేదాకా అన్నాడు.

తాపీ_వీరయ్య · గురువారం, రాత్రి 10:55

మా తాతది గూడ గదే లెక్క. పిలగాండ్లతోని తొక్కిస్తవా మరి?

అబయ్_మాస్టారు · గురువారం, రాత్రి 11:03

తొక్కిస్తాను. ల్యాబులో బూట్లు విప్పకూడదని నియమం ఉందట, దానికో మినహాయింపు కోరుతూ ఇప్పుడే ఇంకో నోట్ రాస్తున్నాను.